గాడిద అయ్యగారి పొడుగు చెవులు

అనగనగా ఒక అడవిలో, వినేవాళ్ల కంటే చెప్పేవాళ్లే ఎక్కువగా ఉన్న అడవిలో, తాటాకు కప్పు వేసిన ఒక ప్రార్థన మందిరం ఉండేది. దానికి పాస్టరు దైవసహాయం అనే గాడిద. అందరూ ఆయన్ని అయ్యగారూ అని పిలిచేవారు. ఆయన ప్రసంగం మొదలుపెడితే గుమ్మంలో ఉన్న ఎండ గోడ దాకా జరిగేది. పిల్లలూ, అలా నా వైపు చూడకండి. ఆయన గాడిద, నేను మీ నాన్నను. తేడా ఉంది. కొంచెమే అయినా ఉంది.

ఆ సంఘానికి పెద్దలు ఇద్దరు. పాటలు పాడించే మేక జీవరత్నమ్మ, మైకు చూసుకునే కోడిపుంజు ఆశీర్వాదం. అడవిలోకి మైకు ఎలా వచ్చిందని అడగకండి, నాకూ తెలియదు. తెల్లవారగానే ఆశీర్వాదం మైకు పెట్టేవాడు. కోడిపుంజుకు మైకెందుకని కొందరికి అనుమానం వచ్చేది గానీ, పైకి అనేవాళ్లు కాదు.

ఒకరోజు ముగ్గురూ కూర్చున్నారు.

"ఎప్పుడు చూసినా మనమే ఉంటున్నాం," అంది జీవరత్నమ్మ. "నేను పాడితే మీరు ఆమెన్ అంటారు. మీరు ప్రసంగిస్తే నేను ఆమెన్ అంటాను. అసలు మన మందిరం ఎవరి కోసమండీ, అయ్యగారూ?"

అయ్యగారికి ఆ ప్రశ్న చాలా నచ్చింది. జవాబు తెలియని ప్రశ్నలంటే ఆయనకు ఇష్టం. వాటి మీద ఎంతసేపైనా మాట్లాడొచ్చు. పొద్దు వాలే దాకా మాట్లాడి, "అందరి కోసం," అని తేల్చారు.

"అందరూ అంటే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలండీ?" అన్నాడు ఆశీర్వాదం.

"ఎవరు బాగా దూరంగా ఉంటే వాళ్ల దగ్గరికి. కాళ్లు నొప్పి పుడితేనే కదా సేవ చేసినట్టు ఉంటుంది," అన్నారు అయ్యగారు.

మొదట కొండ మీది కొండముచ్చుల దగ్గరికి వెళ్లారు. మైకు అయ్యగారి వీపు మీదే ఎక్కింది. ఆయన గొంతు చించుకుని చెప్పారు. కొండముచ్చులు కొమ్మల మీద కూర్చుని ఆయన ఎలా ఓండ్రపెట్టారో అలాగే ఓండ్రపెట్టి చూపించాయి. "ఒక్క మాట పోకుండా అప్పజెప్పారు," అని అయ్యగారు సంతోషించారు.

తరవాత ఏటి ఒడ్డుకు వెళ్లారు. చేపలు ఒక్కటీ నిలబడలేదు. ఒక మొసలి మాత్రం చివరి దాకా కదలకుండా విన్నాడు, నోరు తెరుచుకుని. "ఎంత ఆకలితో విన్నాడో చూశారా," అన్నారు అయ్యగారు. "ఆకలి నిజమేనండీ," అంది జీవరత్నమ్మ. "నా వైపే చూశాడు."

ఆ తరవాత గుడ్లగూబల లోయకు వెళ్లారు. మిట్టమధ్యాహ్నం వెళ్లారు. గుడ్లగూబలన్నీ నిద్రపోతున్నాయి. "అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. మెల్లగా మాట్లాడండి," అన్నారు అయ్యగారు.

ఎక్కడికి వెళ్లినా తిరిగొచ్చి ప్రేమ విందు చేసుకునేవారు. సేవ బాగా జరిగిందని ఒకరినొకరు మెచ్చుకునేవారు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మందిరం గుమ్మం పక్కనున్న ఒక బొరియను దాటుకుని నడిచేవారు. ఆ బొరియలో రంగమ్మ అనే ముళ్లపంది ఉండేది. "వందనాలమ్మా," అనేవారు అయ్యగారు, ఆగకుండా.

ఇంతలో పండుగ సభ దగ్గరపడింది. ముఖ్య అతిథిగా ఏనుగుగారు ఒప్పుకున్నారు. సభకు ముందురోజు సాయంత్రం అయ్యగారు గుమ్మంలో నిలబడి రేపటి ప్రసంగం వల్లె వేసుకుంటున్నారు. బొరియలోంచి రంగమ్మ వచ్చింది.

"అయ్యగారూ, ఒక్క మాటండీ."

వెతుక్కుంటూ ఒకరు వచ్చారని అయ్యగారి ముఖం వెలిగిపోయింది. "అడుగమ్మా. పాపం గురించా, పరలోకం గురించా?"

"మైకు గురించండీ," అంది రంగమ్మ. "మేం రాత్రంతా తిండికి తిరిగి పగలు పడుకునేవాళ్లం. నా బిడ్డ చిన్నికి జ్వరం. నాకు పాలు ఎండిపోయాయి. అది కాస్త కళ్లు మూసేసరికి మీ మైకు మొదలవుతుంది, ఉలిక్కిపడి ఏడుస్తుంది. రేపు ఇంకా పెద్ద సభంట కదా. ఈ పూటే దాన్ని తీసుకుని ఏటవతలికి పోదామనుకున్నాను. దారిలో నా బిడ్డ దక్కుతుందో లేదోనని భయమేసి మిమ్మల్ని అడుగుతున్నాను."

అయ్యగారు ప్రసంగం సంగతి మరిచిపోయి ఆమె ముందు కూర్చున్నారు. ఆయన జీవితంలో అదొక వింత.

"ఇక్కడ ఎన్నాళ్లనుంచి ఉంటున్నావమ్మా?" అన్నారు.

"మీరు మందిరానికి గుంజలు పాతకముందు నుంచీనండీ. ఆ మూల గుంజ మా ఇంటి కప్పులోంచే దిగింది."

"మరి అప్పుడే చెప్పలేదేమమ్మా?"

"చెప్పానండీ. మీరు ప్రసంగంలో ఉన్నారు. ఒకసారి లోపలికి కూడా వచ్చాను. అందరికీ కలిపి ఒకటే చాప. నన్ను చూసి అందరూ జరిగారు. చోటివ్వడానికేమో అనుకున్నాను. ముళ్లు గుచ్చుకుంటాయని జరిగారు."

అయ్యగారికి సిగ్గుతో తల వంగిపోయింది. తలతోపాటు రెండు చెవులూ ముందుకు వాలి ఆయన కళ్లకు అడ్డం పడ్డాయి.

"ఇంత పొడుగు చెవులు దేవుడు నాకెందుకిచ్చాడో ఇన్నాళ్లూ తెలియలేదమ్మా," అన్నారు. "ఈగలు తోలుకోవడానికి అనుకున్నాను."

వెంటనే పెద్దలిద్దరినీ పిలిచారు. "రేపు మైకు లేదు, సభ లేదు," అని చెప్పారు.

ఆశీర్వాదం రెక్కలు టపటపా కొట్టుకున్నాడు. "ఏనుగుగారు వస్తున్నారండీ. అడవంతా వస్తుంది. మన సంఘం పరువేం కావాలి?"

"అడవంతా ఎప్పుడైనా వస్తుంది. ఈ తల్లి ఈ పూట వెళ్లిపోతుంది," అన్నారు అయ్యగారు. "కొండముచ్చుల కోసం నాకు భారంగా ఉందని అంత బరువు మోసుకుంటూ కొండెక్కాను. గుమ్మం పక్కన ఉన్న ఆవిడ పేరు కూడా ఇప్పటిదాకా అడగలేదు. ఇంతకంటే గాడిద పని ఇంకేముంటుంది, నువ్వే చెప్పు."

జీవరత్నమ్మ లేచి బొరియ దగ్గరికి వెళ్లింది. బొరియ ముందు పడుకుని చిన్నికి పాలిచ్చింది. చిన్ని ముళ్లు ఇంకా లేతవే అయినా గుచ్చుకున్నాయి. జీవరత్నమ్మ మూలిగింది గానీ జరగలేదు. రంగమ్మ ఏటవతలికి పోవడానికి కట్టుకున్న మూట పక్కన పెట్టింది.

తెల్లవారింది. ఆశీర్వాదానికి అలవాటుగా మెడ సాగింది, కూత గొంతు దాకా వచ్చింది. రెక్కతో ముక్కు గట్టిగా పట్టుకుని గుటక మింగేశాడు. ఆ పుంజు పుట్టాక చేసిన సేవలన్నిటిలోకీ కష్టమైనది అదే. ఏనుగుగారు వచ్చి, మైకూ లేదు దండా లేదు అని చూసి, ముఖం మాడ్చుకుని వెళ్లిపోయారు. ఆ సంఘం ఇక పైకి రాదని దారిపొడవునా చెప్పుకుంటూ పోయారు.

చిన్ని మాత్రం సాయంత్రం దాకా నిద్రపోయింది. నిద్రలోనే చెమట పట్టి జ్వరం దిగింది. రంగమ్మ కళ్లు తుడుచుకుంది.

మైకు ఆగాక ఇంకో సంగతి జరిగింది. కంచె పక్కన ముసలి ముంగిస దగ్గు వినపడింది. గూడు పడిపోయిన పావురం ఏడుపు వినపడింది. అవి కొత్తగా వచ్చినవి కావు, ఎప్పటినుంచో ఉన్నవే.

"అయ్యగారూ," అంది జీవరత్నమ్మ, "మన మందిరం ఎవరి కోసమో నాకిప్పుడు తెలిసిందండీ. మన గోల ముందుగా ఎవరి చెవిన పడుతుందో వాళ్ల కోసం. కొండకు తరవాత వెళ్దాం."

ఉన్న ఒక్క చాపనూ ఆ రోజే ముక్కలుగా కోసి ఎడంఎడంగా పరిచారు. రంగమ్మను రమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు. మరుసటి రోజు ఆమే వచ్చింది, చిన్నిని వెంటబెట్టుకుని. ముళ్లు ఎవరికీ తగలకుండా కూర్చోవడానికి చోటు ఉంది.

అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారు. కాసేపటికే చిన్ని తల వాల్చేసింది.

"చూశావా జీవరత్నమ్మా," అన్నారు అయ్యగారు గర్వంగా. "నా గొంతుకు నిద్ర పోగొట్టుకున్న బిడ్డ ఇవాళ నా గొంతుకే నిద్రపోయింది."

"బిడ్డ ఒక్కతే కాదండీ," అంది జీవరత్నమ్మ. ఆశీర్వాదం రెక్కలో తల దూర్చి గురక పెడుతున్నాడు.

అయ్యగారు చిన్ని వైపు చూశారు. ఇంకా చెప్పాల్సింది సగం పైనే ఉంది. ఆయన గొంతు తగ్గించి, బిడ్డ లేవకుండా, మెల్లగా ఆమెన్ అన్నారు. ఆ మందిరంలో ప్రసంగం ఎండ గోడ దాకా జరగకముందే ముగియడం అదే మొదటిసారి.

ఇదిగో, మీలోనూ ఒకరు ఆవలిస్తున్నారు. చెవులు పొట్టివే అయినా నాకూ వినపడుతోంది. ఆపేస్తున్నాను.

నీతి: దూరాన ఉన్నవాళ్లకు మంచిమాట చెప్పడానికి బయల్దేరే ముందు, మన గుమ్మం పక్కనున్నవాళ్లు చెప్పేది వినాలి.