బల్లలు తిప్పుకున్న ఊరు

ఒక ఊళ్ళో ఒక పొడుగువాడు ఉండేవాడు. ఎత్తున కట్టిన వలలో బంతి వెయ్యడం అతని పని. బాస్కెట్‌బాల్ అంటారే, ఆ ఆట.

ఎంత పొడుగంటే, వాన వస్తే ఊరందరికంటే ముందు అతని జుట్టు తడిసేది. అతను తల తుడుచుకోవడం చూసి కింద ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకునేవారు. అతనికి తల దువ్వాలంటే వాళ్ళ అక్క పెంకుల మీదికెక్కేది.

అమ్మా నాన్నా లేని ఇంట్లో ఆ అక్కే అతన్ని పెంచింది. ఆట నేర్పిందీ ఆవిడే. చిన్నప్పుడు అడుగూడిపోయిన జల్లెడ ఒకటి పట్టుకుని పీట మీద నిలబడేది. తమ్ముడు గుడ్డపీలికల ఉండ విసిరేవాడు. ఉండ ఎటు వస్తే జల్లెడ అటు జరపాలి కదా, అందుకని అక్క కళ్ళు తమ్ముడి చేతి మీదే ఉండేవి. పొయ్యి మీద పాలు పొంగినా, పిల్లి వచ్చి తాగినా, అది వెళ్ళి తన చుట్టాలందరినీ పిలుచుకొచ్చి విందు చేసినా ఆ కళ్ళు కదిలేవి కావు.

తమ్ముడు ఎదిగాక జల్లెడ అటకెక్కింది.

ఊరి చివర మూతపడ్డ నూనెమిల్లు వెనక ఒక గచ్చు ఉండేది. గచ్చు మీద స్తంభం, స్తంభానికి బండిచక్రపు ఇనుప పట్టా, పట్టాకి వేలాడే చేపలవల ముక్క. పక్కనే బాదం చెట్టు. ఆట అక్కడే. పొద్దు వాలగానే ప్రతి వీధివాళ్ళూ తమ వీధి బల్ల మోసుకొచ్చి గచ్చు చుట్టూ వేసుకునేవారు. పొడుగువాడు ఎగిరితే ఊరంతా నోరు తెరిచి చూసేది. ఆ కాసేపూ ఊళ్ళో ఈగలు కూడా ఎగరడం మానేసి చూసేవట.

అలా చూసినన్నాళ్ళు బాగానే ఉంది.

వంతెన అవతలి ఊళ్ళో గాలివాడని ఒకడుండేవాడు. వాడు పరిగెత్తితే వాడి నీడ అందుకోలేక, దారి తప్పి, వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కుంటూ ఇల్లు చేరేది. కొండ కింది ఊళ్ళో బండవాడు ఉండేవాడు. వాడు అడ్డంగా నిలబడితే రైలైనా సరే, కాసేపు కూత వేసి చూసి, పట్టాలు దిగి పక్కనుంచి వెళ్ళాల్సిందే. వాళ్ళిద్దరూ ఆటకి వచ్చినప్పుడు ఊరివాళ్ళకి ఒక సందేహం పుట్టింది. ముగ్గురిలో ఎవడు గొప్ప?

మొదట కళ్ళజోడు బాబాయ్ అడిగాడు. అతని కళ్ళజోడు అద్దాలు ఎంత మందమంటే, ఎండాకాలం పక్కన కూర్చున్నవాళ్ళ చొక్కాలకి చిల్లులు పడేవి. సొంత ఊరివాడి గొప్ప ఒప్పుకోవడం అతనికి గిట్టదు.

“ఏమన్నా అనండి, గాలివాడే గాలివాడు,” అన్నాడు.

అక్క ముందు వరసలోంచి మెడ వెనక్కి తిప్పింది. “ఏం బాబాయ్, మా వాడేం తక్కువ?”

“తక్కువని నేనన్నానా అమ్మాయ్? ఎక్కువ కాదన్నాను.”

మెడ తిప్పి మాట్లాడీ మాట్లాడీ అక్కకి మెడ పట్టేసింది. మర్నాడు తన వీధి బల్లని కొంచెం పక్కకి తిప్పి వేయించింది. అది చూసి వెనక వీధివాళ్ళు తమ బల్ల తిప్పారు. కొన్నాళ్ళకి పొడుగువాడి పక్షం బల్లలన్నీ గచ్చుకి వీపు పెట్టి, గాలివాడి పక్షానికి ఎదురుగా కూర్చున్నాయి. గాలివాడి పక్షం రెండుగా చీలి, బండవాడి పక్షం పుట్టి, వాళ్ళూ వీళ్ళూ ఎదురెదురుగా బల్లలు తిప్పుకున్నాక గచ్చువైపు మొహం పెట్టిన బల్ల ఒక్కటీ మిగల్లేదు. వాదించేవాడు ఎదుటివాడి మొహం చూడాలి కదా మరి. మొహం చూడకుండా తిట్టడం మర్యాద కాదని ఆ ఊరి నమ్మకం.

ఆ వాదనల వేడికి టీ కొట్టువాడు పొయ్యి వెలిగించడం మానేశాడు. గిన్నె తెచ్చి బల్లల మధ్య పెడితే చాలు, టీ మరిగిపోయేది. పెళ్ళిచూపుల్లో అమ్మాయికి పాట వచ్చా అని అడగడం పోయి, పొడుగువాడా గాలివాడా అని అడగడం వచ్చింది.

మరి ఆట సంగతి ఎలా తెలియాలి? అందుకు గంటవాణ్ణి పెట్టుకున్నారు. అతను స్తంభం దగ్గర కూర్చుని, బంతి వలలో పడితే గంట కొట్టేవాడు. గంట మోగగానే ఊరంతా వెనక్కి తిరక్కుండానే ఒక్క గొంతుతో అడిగేది: “ఎవరిది?”

గంటవాడు చెప్పేవాడు. పొడుగువాడిదైతే అక్క తొడ చరిచేది. ఆ దెబ్బకి మూడు ఊళ్ళ కోళ్ళు తెల్లారిందనుకుని కూసేవి. “వినపడిందా బాబాయ్?” అనేది.

పొడుగువాడు ఎగురుతూనే ఉన్నాడు. పైకి వెళ్ళి కిందికి చూస్తే వీపులు కనపడేవి.

ఒక మధ్యాహ్నం అతను అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. చాపితే పాదాలు పక్కింటివాళ్ళ వాకిట్లోకి వెళ్ళేవి, వాళ్ళు వాటి చుట్టూ ముగ్గేసుకునేవారు. అక్క ఉప్పుమూట వేడిచేసి అతని కుడి మోకాలికి కాపడం పెడుతోంది.

“అక్కా, ఈ మోకాలు అయిపోయిందే,” అన్నాడు.

“నోర్ముయ్. ఉప్పు కాపడానికి దిగని నొప్పి ఉందా?”

“ఇంకొక్కసారి ఎగరడానికి ఉంది. అంతే. నాకు తెలుస్తోంది. రేపు గాలివాడొస్తున్నాడు. రేపు ఎగురుతాను. నేను ఇదివరకు ఎప్పుడూ ఎగరనంత ఎత్తు.”

అక్క చేతిలో మూట ఆగింది.

“నువ్వు చూడు,” అన్నాడు అతను. “ఊరు చూడకపోతే పోనీ. నువ్వు చూడు. జల్లెడ పట్టుకున్నప్పుడు చూసేదానివే, అలాగ.”

“చూడక ఎక్కడికి పోతాన్రా, పిచ్చి సన్నాసీ,” అంది అక్క. మూట మళ్ళీ మోకాలి మీద పెట్టింది.

మర్నాడు అక్క తన బల్లని గచ్చువైపు తిప్పి వేయించింది. ఊరి బల్లలన్నిటిలో అదొక్కటే అటు చూస్తోంది. ఊరు విస్తుపోయింది.

“అమ్మాయికి జవాబులు అయిపోయినట్టున్నాయిరోయ్,” అన్నాడు కళ్ళజోడు బాబాయ్ ఆమె వీపువైపు చూస్తూ.

ఆట మొదలైంది. గాలివాడు వచ్చాడు, పోయాడు, మళ్ళీ వచ్చాడు. గంట మోగింది.

“ఎవరిది?”

“అవతలివాళ్ళది.”

“అదీ సంగతి! గాలివాడంటే బంతి వేసి, ఇంటికెళ్ళి, పప్పూ అన్నం తిని, చెయ్యి కడుక్కునొచ్చి రెండో బంతి వేస్తాడు,” అన్నాడు బాబాయ్. అక్క పెదవి కొరుక్కుంది. కళ్ళు తమ్ముడి మీదే ఉన్నాయి.

“మీవాడిది నిదానంలే,” అన్నాడు మళ్ళీ బాబాయ్. “వాడికి బంతి విసరడమంటే తాటిచెట్టుకి జాబు రాసినట్టుంటుంది. ఎప్పటికో చేరుతుంది.”

ఊరు నవ్వింది. అక్క బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది. ఆ పట్టుకి చెక్కలో ఆమె వేళ్ళ గుర్తులు పడ్డాయి. ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూసుకోవచ్చు.

పొడుగువాడికి బంతి అందింది. ఒక్కసారి అక్కవైపు చూశాడు. అక్క తల ఊపింది. అతను మోకాళ్ళు వంచాడు.

“ఎంతకీ ఆ పొడుగే కదా,” అన్నాడు బాబాయ్ తీరిగ్గా. “పొడుగు తీసేస్తే మీ తమ్ముడు దేనికి పనికొస్తాడు? జామకాయలు కోసుకోడానికి కూడా పనికిరాడు.”

అక్క అన్నీ ఓర్చుకుంది. ఇది ఓర్చుకోలేకపోయింది. లేచి గిర్రున తిరిగింది.

“ఏమన్నావు బాబాయ్? మా వాడు ఎగిరితే ఎలా ఉంటుందో తెలుసా నీకు? జన్మలో ఒక్కసారైనా కళ్ళు పెట్టి చూశావా?”

సరిగ్గా అప్పుడు పొడుగువాడు ఎగిరాడు.

ఎగరడమంటే అదీ. బాదం చెట్టు కొమ్మ దాటాడు. నూనెమిల్లు పొగగొట్టం దాటాడు. దారిన పోతున్న కొంగల బారు మధ్యలో విడిపోయి అతనికి దారిచ్చింది. పైన ఒక్క క్షణం ఆగాడు. కిందికి చూశాడు. ఊరి వీపులన్నీ కనిపించాయి. వాటి మధ్య అక్క కొప్పు కనిపించింది.

బంతిని వలలోకి జారవిడిచాడు. గంట మోగింది.

“ఎవరిది?” అంది ఊరు. అందరికంటే గట్టిగా అక్కే అడిగింది.

గంటవాడి మొహం ఇంకా ఆకాశంవైపే ఉంది. “మనదే,” అన్నాడు చిన్నగా.

ఊరు హోరెత్తింది. ఆ గోలలో, పొడుగువాడు నేలకి దిగినప్పుడు మోకాలు ఎండుకొమ్మలా విరిగిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. గాలివాడొక్కడే పరిగెత్తుకొచ్చి అతని చంక కింద భుజం పెట్టాడు.

అక్క వెలిగిపోతున్న మొహంతో వచ్చింది. “బాబాయ్ నోరు మూయించాన్రా!” అంది.

“చూశావా అక్కా?”

“విన్నాన్రా! గంట విన్నాను!”

అతను నవ్వాడు. అంత పొడుగు మనిషి దగ్గర అంత చిన్న నవ్వు ఎక్కడ దాగుందో. అప్పుడు అక్కకి అర్థమైంది. ఆమె చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

“నేను చూశాను,” అన్నాడు గాలివాడు నెమ్మదిగా.

“మీ ఊళ్ళోవాళ్ళు నీ ఆట బాగా చూస్తారు కదూ?” అని అడిగాడు పొడుగువాడు.

“మా ఊళ్ళోనా? నీ పేరెత్తితే మా అమ్మ చీపురు తీస్తుంది. నేను ఆడినంతసేపూ నీ వంక పెట్టి పక్కింటావిడతో పోట్లాటే. నాకు కనపడేది మా అమ్మ వీపే, దాని మీద పుట్టుమచ్చలు ఎన్నో చెప్పమను, చెబుతాను.”

ఇద్దరూ గాలివాడి సైకిలెక్కారు. గాలివాడు తొక్కుతుంటే పొడుగువాడు వెనక కూర్చున్నాడు. అతని పాదాలు నేలకి రాసుకుని వంతెన దాకా రెండు గీతలు పడ్డాయి. తరవాత వానలకి ఆ గీతలే కాలవలై ఆ ఏడు అదనంగా రెండు మళ్ళు పండాయి. దారిలో ఇంటి దగ్గర ఆగి అతను ఒక్క వస్తువే తీసుకున్నాడు. అటక మీది జల్లెడ.

రేపొస్తాడు అనుకుంది అక్క. రాలేదు.

గంటవాడు ఒకరోజు వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. “పైన ఆగి నీకోసం వెతికాడమ్మా,” అన్నాడు. ఆ రోజు అక్క ఏడ్చిన ఏడుపుకి వీధిలో నూతులన్నీ జానెడు పైకొచ్చాయి. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని ఎవరూ తిట్టలేదు.

వంతెన దాటి వెళ్ళి పిలుచుకొద్దామని ఎన్నోసార్లు బయల్దేరింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను, వాడికి నేను చూపించింది కొప్పే కదా, అనుకుని వంతెన మొదట్లోంచే వెనక్కి వచ్చేది.

అప్పుడామె తన చేతులతో బల్లలన్నీ గచ్చువైపు తిప్పింది. ఊరు అడ్డు చెప్పలేదు. కళ్ళజోడు బాబాయ్ కూడా వచ్చి ఒక చివర చెయ్యి వేశాడు. “నేను ఊరికే అన్నానమ్మాయ్. వాడు చేసిన పని ఈ భూమ్మీద ఎవడూ చెయ్యలేడని నాకు తెలుసు. ఒప్పుకుంటే ఇక మాట్లాడుకోడానికి ఏముంటుందని,” అన్నాడు. తన మందపు అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఊరంతా పొద్దు వాలగానే వచ్చి, ఖాళీ వలవైపు చూస్తూ కూర్చునేది. మాటల్లేవు. టీ కొట్టువాడు మళ్ళీ పొయ్యి వెలిగించుకున్నాడు.

ఆకులు రాలే రోజులొచ్చాయి. ఒక సాయంత్రం బాదం చెట్టు నుంచి ఎర్రగా పండిన ఆకు ఒకటి ఊగుతూ వచ్చి, ఇనుప పట్టాలోంచి దూరి, వలలోంచి జారి నేలపడింది. ఊరంతా ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టింది. కొందరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“గంట కొట్టవేం?” అంది అక్క.

“ఆకుకి కొట్టనమ్మా. బంతికే కొడతాను. ఈ గంటకి అబద్ధం అలవాటు లేదు,” అన్నాడు గంటవాడు.

మర్నాడు ఇంకో ఆకు దూరింది. మళ్ళీ చప్పట్లు. చప్పట్లు ఆగాక కళ్ళజోడు బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

“ఏమన్నా అనండి, నిన్నటి ఆకే ఆకు. పట్టాని తాకకుండా దిగింది.”

అక్క ముందు వరసలో ఉంది. ఇవాళ్టి ఆకు తమ్ముడు ఎగిరినప్పుడల్లా తల తగిలే కొమ్మది. ఆమెకి అది తెలుసు.

“ఏం బాబాయ్, ఈ ఆకేం తక్కువ?” అంది మెడ తిప్పి.

“తక్కువని నేనన్నానా అమ్మాయ్?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో నిన్నటి ఆకు ఎండిపోయిన ఆకనీ, అదొక దిగడమేనా అనీ అన్నారు. ఒక బల్ల కాళ్ళు గచ్చు మీద కిర్రుమన్నాయి. తరవాత ఇంకో బల్లవి. అక్క లేచి నిలబడి, చీర కొంగు బిగించి, ఊరివైపు తిరిగింది.

వంతెన దారిలో ఒక సైకిలు వచ్చి గచ్చు అవతల ఆగింది. బంతి పట్టుకుని వెనక కూర్చున్నతని పాదాలు నేలకి రాసుకుని ఆగాయి. హ్యాండిలుకి అడుగులేని జల్లెడ వేలాడుతోంది. గంటవాడొక్కడే లేచి నిలబడ్డాడు.

“నిన్నటిది చెట్టు వదిలేసిన ఆకు బాబాయ్! ఇవాళ్టిది తనంతట తను వచ్చిన ఆకు! చూసే కళ్ళుండాలి!” అంటోంది అక్క, బల్ల చరుస్తూ.

ఆమె వెనక గంట మోగింది.

“ఎవరిది?” అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.