చదివినవాళ్ల పేర్లు

గోవిందపేటలో శేషాచలపతి అనే చరిత్ర అధ్యాపకుడు ఉండేవాడు. ఎంత చదువుకున్నా, చిన్న ఉద్యోగి చెప్పే మాటను చెవిన పెట్టే అలవాటు ఆయనకు లేదు.

ఆ ఊళ్లో ఎనభై ఏళ్లనాటి గ్రంథాలయం ఒకటి ఉండేది. దాని చరిత్ర రాయడానికి ఆయన పూనుకున్నాడు. స్థలం ఎవరిచ్చారు, శంకుస్థాపన ఎవరు చేశారు, అధ్యక్షులుగా ఎవరెవరు ఉన్నారు, అన్నీ తేదీలతో సహా రాసుకున్నాడు.

అక్కడ నలభై ఏళ్లు అటెండరుగా పనిచేసి రిటైరైన దావీదు ఒకనాడు ఆయన దగ్గరికి వచ్చాడు.

"అయ్యగారూ, వెనక గదిలో పాత రిజిస్టర్లు ఉన్నాయండి. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారో అందులో ఉంటుంది. మీరు పేర్లు చదవండి, వాళ్ల సంగతులు నేను చెబుతాను. రిక్షా తొక్కే అప్పలస్వామి ఇక్కడే అక్షరాలు నేర్చుకున్నాడండి. నేతపని చేసే తాయారైతే, మొగుడికి తెలియకుండా..."

శేషాచలపతి చెయ్యి అడ్డం పెట్టాడు. "గ్రంథాలయం పెట్టినవాళ్లది చరిత్ర, దావీదూ! పుస్తకం అరువు తీసుకెళ్లినవాళ్లది ఏం చరిత్ర?"

దావీదు తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే గ్రంథాలయం కార్యదర్శి ఆయన్ని అడిగాడు. "ఆ రిజిస్టర్లకు చెద పడుతోంది. మీకు పనికొస్తాయంటే దాచి ఉంచుతాను."

"నాకక్కర్లేదు, తీసేయండి" అన్నాడు శేషాచలపతి. మర్నాడు పాత కాగితాల బండి వచ్చి వాటిని ఎత్తుకుపోయింది.

పుస్తకం అచ్చయింది. ఆయనకు శాలువా కప్పారు. రెండేళ్లు తిరిగేసరికి, గ్రంథాలయం తీసేసి అక్కడ దుకాణాలు కట్టాలన్న మాట వచ్చింది. విచారణకు వచ్చిన అధికారిణి చేతిలో శేషాచలపతి తన పుస్తకం పెట్టాడు. ఆవిడ ఓపిగ్గా పేజీలన్నీ తిరగేసింది.

"దాతలున్నారు, అధ్యక్షులున్నారు. ఇక్కడ చదువుకుని బాగుపడినవాళ్లు ఒక్కరూ లేరేం మాస్టారూ?"

ఆయనకు దావీదు చెప్పబోయిన పేర్లు గుర్తొచ్చాయి. వారం గడువు అడిగి, తిన్నగా దావీదు ఇంటికి వెళ్లాడు. దావీదు మంచంలో ఉన్నాడు. మూతి ఒక పక్కకు వంకరపోయింది.

"పక్షవాతం బాబూ. మాట పడిపోయి ఆరు నెలలైంది" అంది అతని భార్య మరియమ్మ.

"అప్పలస్వామి, తాయారు ఎక్కడుంటారో తెలుసా అమ్మా?"

"అప్పలస్వామి ఏనాడో పోయాడు. తాయారెవరో నాకు తెలీదు. ఆ సంగతులన్నీ ఈయనకే ఎరుక."

శేషాచలపతి మంచం పక్కన కూర్చుని నోటు పుస్తకం తెరిచాడు. "దావీదుగారూ, తాయారు సంగతి చెప్పండి. ఈసారి వింటాను."

దావీదు పెదవులు కదిలాయి. గొంతులో ఏదో గరగరమంది. మాట మాత్రం రాలేదు. కళ్ల వెంట నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. శేషాచలపతి ఖాళీ పేజీ మూసి లేచాడు.

పాఠకుల సంగతులు చెప్పేవాళ్లు ఇంకెవరూ దొరక్కుండానే వారం గడిచింది. గ్రంథాలయానికి తాళం పడింది. నెల తిరక్కుండా దావీదూ పోయాడు.

ఆ తర్వాత శేషాచలపతి తన విద్యార్థులకు ఒకటే చెప్పేవాడు. "ఇకమీద గ్రంథాలయ చరిత్ర రాసేవాళ్లు ముందు పాఠకుల దగ్గరికి వెళ్లండి." వాళ్లు ఎన్నో ఊళ్లు తిరిగి అలాగే రాశారు. గోవిందపేట పాఠకుల గురించి మాత్రం రాయడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

నీతి: ఒక చోటుకు చరిత్ర దాన్ని కట్టినవాళ్ల వల్లనే కాదు, దాన్ని వాడుకున్నవాళ్ల వల్ల కూడా కలుగుతుంది. ఆ సంగతులు తెలిసినవాళ్లు చెప్పగలిగినప్పుడే శ్రద్ధగా వినాలి. తర్వాత ఎంత పశ్చాత్తాపపడినా ఆ మాటలు తిరిగి రావు.