చల్లారిన జావ

"గురువుగారూ, ఉన్నవాళ్ళు లేవంటారు, లేనివాళ్ళు ఉన్నాయంటారు. ఇక ఏ ఊళ్ళో ఎన్ని గింజలున్నాయో మనం తెలుసుకునేదెట్లా?"

అడిగినవాడు ఈరన్న. సోమిదేవయ్యగారి మఠంలో చేరి చాలా కాలమైనా, ప్రశ్న అడిగిన మరుక్షణమే జవాబు చేతికి రావాలనే తొందర మాత్రం అతన్ని వదల్లేదు. గురువుగారికేమో అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పే అలవాటు లేదు. ఆయన ప్రశ్న విని, తల ఊపి, దారి పట్టేవారు. శిష్యుడు వెంట నడవాలి. జవాబు దారిలో ఎక్కడో కనబడుతుంది, లేదా కనబడకుండానే పోతుంది.

ప్రశ్న వెనక ఉన్న సంగతి ముందు చెప్పాలి. నల్లమిట్ట సీమకు వానలు చుట్టాల్లాంటివి. వస్తామని కబురు పెడతాయి, రావు. దానికి తోడు సీమకు రెండు వైపులా రెండు కోటలు, రెండు కోటల్లో ఇద్దరు దొరలు, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఎందుకు పడదో ఆ దొరలే మరిచిపోయి ఉంటారు గానీ, వాళ్ళ గుర్రాలు తొక్కేది మాత్రం సీమలోని చేలనే. గింజలున్న ఊరని తెలిస్తే కోట మనుషులు వచ్చి పాతరలు తవ్వి ఎత్తుకుపోతారు. గింజల్లేని ఊరని తెలిస్తే అప్పుడూ వస్తారు. మూటెడు జొన్నలు గడపలో పెట్టి, వయసొచ్చిన కొడుకును యుద్ధానికి వెంటబెట్టుకుపోతారు. కడుపు కాలుతున్న ఇంట్లో ఆ మూటను కాదనడం ఎంత కష్టమో కాలినవాళ్ళకే తెలుసు. అందుకే ఆ సీమలో ఆకలి సంగతి ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు.

రెండు కోటలవాళ్ళూ చెయ్యి వెయ్యనిది ఒక్క మఠం గాదెల మీదే. పంట ఇంటికొచ్చాక, ఎండలు ముదరకముందు, మఠంవాళ్ళు ఊరూరా తిరుగుతారు. ఏ ఊరి గింజలు మళ్ళీ పంట దాకా వస్తాయో, ఏ ఊరివి నడుమనే అడుగంటుతాయో చూసి వస్తారు. ఆ పనికి గింజ చూపు అని పేరు. గాదెల్లో ఉన్నది అందరికీ చాలదు. చూసినవాళ్ళు తప్పు చూస్తే ఒక ఊరు ఎండిపోతుంది. ఆ ఏడు ఈరన్న చెప్పిన ఊళ్ళకే గింజలు వెళ్ళాలని గురువుగారు నిర్ణయించారు. ఈరన్న పొంగిపోయాడు.

మొదట చూసిన మద్దులపల్లెలో ఊరి పెద్ద రొమ్ము బాదుకుని, "ఒగ గింజ ల్యా సామీ, మా బతుకు మన్నైపాయ" అని ఏడ్చాడు. ఆయన ఏడుస్తున్నంతసేపూ ఆయన పెరట్లో కోళ్ళు, గింజ వేస్తే ఒకటి ఏరి ఒకటి వదులుతున్నాయి. ఈరన్న అది చూశాడు. కొత్తగా అలికిన నేల చూశాడు, దాని కింద పాతర ఉందని గ్రహించాడు. చూశారా అన్నట్టు గురువుగారి వైపు తిరిగాడు. ఆయన చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వుతో ఈరన్న నడక మారింది. లోకంలో తన కన్ను కప్పేవాళ్ళు లేరన్నట్టు నడవసాగాడు. అయినా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. లేదని చెప్పేవాళ్ళను కోళ్ళు పట్టిస్తాయి సరే, ఉందని చెప్పేవాళ్ళను ఏది పట్టిస్తుంది? ఆ ముల్లే పైన చెప్పిన ప్రశ్న. గురువుగారు విని, తల ఊపి, గువ్వలదొడ్డి దారి పట్టారు.

గువ్వలదొడ్డి చిన్న ఊరు. మిట్ట మీద ఒక్కటే వీధి, గోడకు గోడ ఆనుకున్న మట్టి మిద్దెలు, వాటి వెనక ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి దారి ఉన్న పెరళ్ళు. వాళ్ళు చేరేసరికి ఎండ తెల్లగా కాస్తోంది. దూరం నుంచి చూస్తే ఊరు నేల మీద ఆనినట్టు లేదు, ఎండమావిలో కొంచెం పైకి లేచి ఊగుతోంది. మిద్దెల మీద సన్నని పొగ నిలువుగా లేచి, గాలి లేక అక్కడే ఆగిపోయింది. కుక్క కూడా మొరగలేదు. నిద్రలో నడుస్తున్నానా అని ఈరన్న కళ్ళు నులుముకున్నాడు.

మొదటి ఇంట్లో ముసలాయన నాగిరెడ్డి ఎదురొచ్చాడు. "రాండి సామీ, రాండి. కాళ్ళు కడుక్కోండి" అని అరుగు మీద చాప పరిచాడు. లోపల్నుంచి కోడలు రెండు ముంతల్లో జొన్న జావ తెచ్చింది. పొగలు కక్కుతోంది. ఈరన్న తొందరపడి గుటక వేసి నాలుక కాల్చుకున్నాడు. గురువుగారు రెండు గుటకలు తాగి, "నాకింతే చాలు తల్లీ" అని ముంత తిరిగి ఇచ్చారు.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. గురువు తాగి మిగిల్చింది ఆ ఇంటికి ప్రసాదం. శిష్యుడు మిగిల్చింది మాత్రం ఎంగిలి, దాన్ని పారబోయాలి. అందుచేత శిష్యుడన్నవాడు పెట్టినదంతా తాగవలసిందే. ఈరన్నకు ఈ ఆచారం మీద ఎప్పుడూ ఫిర్యాదు లేదు. చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని, "ఊళ్ళో గింజల సంగతి ఎట్లుంది?" అని అడిగాడు.

"మాకేం తక్కువ సామీ? వాన మోసం జేసినా భూమి తల్లి జెయ్యలేదు. గడిచిపోతాది" అన్నాడు నాగిరెడ్డి.

గురువుగారు లేవకుండా కబుర్లలో పడ్డారు. ఎడ్ల సంగతి, బావుల్లో నీళ్ళ సంగతి, నాగిరెడ్డి మోకాలి నొప్పి సంగతి. ఆ తరవాత రెండో ఇల్లు. అక్కడా పొయ్యి మండుతోంది, అక్కడా రెండు ముంతల జావ. అక్కడా గురువుగారు రెండు గుటకలు తాగి తిరిగి ఇచ్చి, కబుర్లు మొదలుపెట్టారు. మూడో ఇంట్లోనూ అంతే. ఇంటింటికీ ఈరన్న కడుపు బరువెక్కుతోంది, రెప్పలు వాలుతున్నాయి. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ తేడా తెలియకుండా పోయింది. అదే అరుగు, అదే చాప, అదే జావ, అదే మాట: "మాకేం తక్కువ సామీ?" ఒక్కటి మాత్రం అతని మనసుకు హత్తుకుంది. గురువుగారి ముంత లోపలికి వెళ్ళీ వెళ్ళగానే తలుపు చాటున ఇల్లంతా గుమిగూడిన చప్పుడు అయ్యేది. ప్రసాదం కోసం ఇంత ఆరాటపడే ఊరును ఎక్కడా చూడలేదనుకున్నాడు. ఎంత భక్తి అని కళ్ళు చెమర్చాయి కూడా.

వీధి చివరి ఇల్లు కాశమ్మది. గడిచిన కరువులో ఆమె పెద్దకొడుకు కోటవాళ్ళ వెంట వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. రెండోవాడు ఓబులేసు, మీసాలు బాగా వచ్చినవాడే, తల్లి వెనక తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె ఇచ్చిన జావ ఈరన్న ఒక్క గుక్కలో తాగేశాడు. కడుపు నిండి, మనసు నిండి, వీధంతా వినబడేట్టు, "అమ్మా, మీ ఊరికి ఢోకా లేదు. ఇంటింటా పొయ్యి వెలుగుతోంది. మఠం గింజలు మీకక్కర్లేదు, లేని ఊళ్ళకు పోతాయి" అన్నాడు.

కాశమ్మ కొడుకు వైపు చూసింది. ఊపిరి వదిలింది. ఆ ఊపిరిలో ఊరట ఉంది, ఆ వెంటనే ఆమె ముఖంలోంచి ఏదో జారిపోయింది. "మంచిది సామీ" అని దండం పెట్టింది. గురువుగారు తన ముంతను ఆ ఇంట్లో తాగకుండానే, పెదవులకు తాకించి ఓబులేసు చేతికిచ్చారు.

ఊరు దాటాక తుమ్మచెట్టు పలచని నీడ ఒకటి దొరికింది. ఈరన్న కూలబడ్డాడు. "కాస్త నడుం వాలుస్తాను గురువుగారూ" అన్నాడో లేదో నిద్రపోయాడు.

నిద్రలో గువ్వలదొడ్డి మళ్ళీ వచ్చింది. ఎండమావిలో ఊరు మెల్లగా ఊగుతోంది. పెరట్లో ఒక నల్లటి కుండ నడుస్తోంది. దానికి కాళ్ళు లేవు, ఎవరూ మొయ్యడం లేదు, అయినా నడుస్తోంది. ఒక పెరటి గోడ దాటి ఇంకో పెరట్లోకి, ఆ పెరటి గుమ్మం దాటి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి పక్కన కూర్చుంటోంది. తను వీధిలో ఏ ఇంటికి వెళ్ళబోతే ఆ ఇంటికి తనకన్నా ముందే చేరుతోంది. వెళ్ళేటప్పుడల్లా కొంచెం చిక్కిపోతోంది. తను పలకరించబోయాడు. కుండ, పక్కింటికి వేళైపోతున్న మనిషిలా, తల దించుకుని గబగబా వెళ్ళిపోయింది.

మెలకువ వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. గురువుగారు పక్కనే కూర్చుని ఉన్నారు. ఈరన్న నవ్వుతూ కల చెప్పాడు. "జావ ఎక్కువ తాగితే ఇట్లాంటి కలలే వస్తాయేమో" అన్నాడు.

గురువుగారు నవ్వలేదు. "నీ నాలుక ఏ ఇంట్లో కాలింది?" అని అడిగారు.

"మొదటింట్లో, నాగిరెడ్డిగారింట్లో."

"రెండో ఇంట్లో?"

"కాలలేదు. వేడిగా ఉంది, హాయిగా తాగాను."

"చివరింట్లో?"

"చల్లగా..." అన్నాడు ఈరన్న. అని ఆగిపోయాడు.

చల్లగానే ఉంది. ఒక్క గుక్కలో తాగేశాడంటే అందుకే. చల్లగానే కాదు, పలచగా, నీళ్ళలా ఉంది. నాగిరెడ్డి ఇంట్లో వేలు ముంచితే అంటుకునే జావ, ఇల్లు మారినకొద్దీ పలచబడుతూ, చల్లారుతూ వచ్చింది. కాశమ్మ ఇంట్లో పొయ్యి భగభగ మండుతోంది, పొయ్యి మీద మాత్రం ఏమీ లేదు. అది అతని కళ్ళ ముందే ఉంది. పొగ చూశాడు గానీ పొయ్యి చూడలేదు.

ఊరంతటికీ ఆ పూట ఉడికింది ఒక్క కుండ. మఠం నుంచి వచ్చినవాళ్ళకు ఏ గడపలోనూ ఖాళీ చెయ్యి చూపకూడదని, ఓబులేసు లాంటివాళ్ళు ఊళ్ళో మిగలాలంటే ఆకలి ఊరనే మాట బయటికి పొక్కకూడదని, ఆ కుండను పెరళ్ళ గుండా ఇంటి వెనక ఇల్లు మార్చారు. ప్రతి ఇంట్లోనూ చెంబెడు నీళ్ళు కలిపారు. ఆ కుండ నడవడానికి వ్యవధి ఉండాలనే గురువుగారు ప్రతి అరుగు మీదా అన్ని కబుర్లు చెప్పారు. ఊళ్ళోవాళ్ళ నోటికి ఒక్క గుటకైనా దక్కనీ అనే ముంత తిరిగి ఇచ్చారు. తలుపు చాటున విన్నది భక్తి కాదు. ఊరి పూట కూడు ఊరు తినవలసింది, తానొక్కడే ఇల్లిల్లూ తిరిగి తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, మీకు గింజలక్కర్లేదని చెప్పి వచ్చాడు.

ఈరన్నకు తల కొట్టేసినట్టయింది. నిండిన కడుపు మీద చెయ్యి వేసుకోవడానికి కూడా సిగ్గేసింది.

"గువ్వలదొడ్డికి గింజలు పంపుదాం గురువుగారూ. అందరికన్నా ముందు వాళ్ళకే పంపుదాం" అన్నాడు చివరికి. మరుక్షణమే తనే అడ్డు చెప్పుకున్నాడు. "కానీ బండ్లు కదిలితే కోటలకు తెలుస్తుంది. ఆకలి ఊరని పేరు పడుతుంది. ఓబులేసును..."

"గింజల మూటలు చొప్ప మోపుల్లో దాచి పంపు. ఎవరడిగినా పశువుల మేత అని చెప్పు" అన్నారు గురువుగారు. "ఊళ్ళో మోపు విప్పినవాళ్ళు లోపల ఏముందో వాళ్ళే చూసుకుంటారు."

ఈరన్న లేచాడు. లేచినవాడు మఠం వైపు కాక ఊరి వైపు తిరిగాడు. సాయంకాలపు వెలుగులో గువ్వలదొడ్డి మిద్దెలు ఎర్రగా, దగ్గరగా కనబడుతున్నాయి. పొగ ఎక్కడా లేదు. కళ్ళ నీళ్ళు తిరుగుతుంటే, "మీరు నడుస్తూ ఉండండి గురువుగారూ. నేనొక్కసారి వెళ్ళి, ఇంటింటికీ వెళ్ళి, కాళ్ళు పట్టుకుని క్షమించమని అడిగి వస్తాను. అడక్కుండా నా ప్రాణం ఊరుకోదు" అన్నాడు.

గురువుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా మఠం దారి వైపు తిప్పారు.

"వద్దు నాయనా. క్షమించమనడానికే అయినా సరే, నువ్వు గడపలో నిలబడ్డావంటే వాళ్ళు మళ్ళీ ముంత తెస్తారు."