ఈ కొస పట్టుకో

అనగనగా అంటే ఎంత అనగా? మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజులు. సముద్రం పక్కన, తాటితోపుల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్లో పోలయ్య అని కల్లు గీసేవాడు ఒకడు. చెట్టెక్కి, పైనుంచి ఊరందరినీ పేరుపేరునా ఆటపట్టించేవాడు. వాడి కేక వినపడందే ఆ ఊరికి తెల్లారినట్టే ఉండేది కాదు.

ఒక ఏడు ఊరి మీద జ్వరం పడింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది. పోలయ్యనీ పడేసి, కొన్నాళ్లు కాల్చి వదిలిపోయింది. జ్వరం తగ్గగానే వేపాకు నీళ్లు పోసి, రోగి పడుకున్న మంచాన్ని గోడకు నిలబెట్టడం ఆ ఊరి ఆచారం. మంచం లేస్తే రోగం పోయినట్టే లెక్క. పోలయ్య మంచమూ లేచింది. పోలయ్య మాత్రం చాప వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జ్వరం పోయింది. మనిషి రాలేదు.

గంజి ఇస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసేవాడు. పలకరిస్తే పలికేవాడు కాదు. వైద్యుడొచ్చి నాడి పట్టుకుని, బాగానే ఉందన్నాడు. మంత్రగాడొచ్చి నిమ్మకాయ కోసి వెళ్లాడు. బావమరిది వచ్చి, ఇది ఒట్టి బద్ధకమని తిట్టి వెళ్లాడు. పెళ్లాం నూకాలు గుమ్మంలో కూలబడి ఏడ్చింది. కళ్లముందే చిక్కిపోతున్నాడు, ఇలాగే పోతాడేమోనని ఆమె భయం.

అప్పుడొచ్చింది పైడమ్మ. మంచాలకు నులక అల్లుకుని బతికే ముసలిది, ఊరందరికీ అత్త. నోట్లో పళ్లు లేవు గానీ మాటకు పదునుంది.

"మంచం లేచినాది సరే, మనిషి లేచినాడేటే?" అంటూ మంచం దింపించి నులక సడలించింది. "ఒరే పోలిగా, ఒక్కదాన్నే బిగించలేనురా. ఈ కొస పట్టుకో."

పట్టుకున్నాడు. చేతిలోంచి జారిపోయింది.

"పోనీలే, రేపొస్తాను" అని వెళ్లిపోయింది.

మర్నాడు మళ్లీ వచ్చింది. "ఈ కొస పట్టుకో."

పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అత్తా, జొరం నేదు, నొప్పి నేదు. అయినా బతకాలని నేదే. ఎందుకో నాకే తెలీదు."

పైడమ్మ నులక పక్కన పెట్టి వాడి తల నిమిరింది. "నాకూ అలాగే అయినాదిరా. జొరం పోతా పోతా మనసుని మూటగట్టుకు పోతాది. మళ్లీ తెచ్చిస్తాది. నిదానంగా తెస్తాది, అంతే. నీ తప్పేటీ నేదు నాయినా. రేపొస్తాను."

వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. నూకాలుకు అనుమానం వచ్చి గుమ్మంలో పట్టుకుంది. "అత్తా, నిన్న బిగించిన నులక ఇయ్యాల మళ్లీ సడలిపోనాదేటి?"

"నానే సడలిస్తన్నాను. గట్టిగా అరవకే, ఇంటాడు!"

అలా కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున పోలయ్య కొస అందుకుని ఒక్క లాగు లాగాడు. "ఇదేటత్తా, పిల్లి లాగినట్టు లాగుతావు? పొద్దున్నే గంజి తాగనేదా?"

పైడమ్మ బోసినోరు తెరిచి నవ్వింది. నూకాలు నవ్వుతూ ఏడ్చింది. ఆ మంచాన్ని పోలయ్యే ఎత్తి గోడకు నిలబెట్టాడు. కొన్నాళ్లకు తాటిచెట్టు మీంచి మళ్లీ కేక వినపడింది.

ఏళ్లు గడిచి పైడమ్మ పోయింది. ఆమెకు నా అన్నవాళ్లు లేరు. పాడె కట్టేటప్పుడు తాడు కొస పట్టుకున్నది పోలయ్యే. ఆ రోజు మాత్రం వాడి చెయ్యి జారలేదు.

ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ జ్వరం తగ్గినవాళ్ల మంచం ఎవరూ ఎత్తరు. లేచినవాళ్లే ఎత్తుకోవాలి. అంతవరకు పక్కింటివాళ్లు వస్తూనే ఉంటారు. "పైడమ్మ పంపింది, ఈ కొస పట్టుకో" అంటారు. చెయ్యి జారితే ఎవరూ ఏమీ అనరు. రేపొస్తాం అని వెళ్తారు.

రేపు వస్తారు కూడా.