మూడుసార్లూ ఇరవయ్యారే

సదానందానికి కావలసింది ఒక్క మాట. "నీ తప్పేం లేదు" అన్న మాట.

చెప్పేవాళ్ళు లేక కాదు. పోలీసులు చెప్పారు, బడి కమిటీ చెప్పింది, భార్య అయితే రోజుకు రెండుపూటలా మందు వేసినట్టు చెబుతోంది. ఆ మందు పనిచెయ్యడం లేదు. మాట ఓదేలు సార్ నోట రావాలి. ఆయన నోట మాట రావడమే అరుదు, ఊరడించడానికి అనే ఉత్తమాట అసలు రాదు.

ఓదేలు సార్ బెల్లంపల్లి బొగ్గుబావిలో ముప్ఫై ఏళ్ళు దీపాల గదిలో పనిచేశాడు. కిందికి దిగే ప్రతి మనిషికీ ఒక దీపం ఇవ్వాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. ఒక్క దీపం తిరిగి రాకపోయినా ఆయన ఇంటికి పోయేవాడు కాదట. రిటైరయ్యాక పిల్లలతో స్కౌట్ దళం పెట్టాడు. తాడుముళ్ళు వెయ్యడం, గుడారం కట్టడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం ఆదివారాలు నేర్పుతాడు.

సదానందం జిరాక్స్ షాపువాడు. దళంలో చేరింది కూతురు వర్షిత. తను చేరింది పొరపాటున. ఆదివారాలు నాకు తోడుగా ఎవరైనా రాగలరా అని తల్లిదండ్రుల మీటింగులో సార్ అడిగినప్పుడు అందరూ ఫోన్లలోకి చూసుకున్నారు. సదానందం ఫోనులో ఛార్జింగ్ లేదు. చూడ్డానికి సార్ మొహం ఒక్కటే దొరికింది.

"బియ్యం డబ్బ మూత యాడవెట్టిండో యాదికుండది, ఊరి పిల్లల్ని చూస్తడట" అంది భార్య. ఎదురింటి స్వరూప మిషన్ మీద ఖాకీ చొక్కా కుట్టి ఇచ్చింది. పొట్ట ఇంకా పెరుగుతుందన్న ముందుచూపుతో రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి మరీ కుట్టింది. ఆమె కూతురు మనుశ్రీ కూడా దళంలోనే ఉంది. సదానందం వేసిన మొదటి ముడిని కత్తెరతో కోస్తే గానీ విప్పలేకపోయారని పిల్లలు నెలరోజులు నవ్వుకున్నారు. వాళ్ళతో పాటు తనూ నవ్వాడు, ముడి తనదే కాబట్టి.

ఒక్కటి మాత్రం తనకు వచ్చనుకున్నాడు. లెక్క. ఐదు వందల కాగితాల కట్టను బొటనవేలితో ఆడిస్తే ఒక్క కాగితం తేడా ఉన్నా పట్టేస్తాడు. అందుకే తలలు లెక్కపెట్టే పని అడిగి మరీ పుచ్చుకున్నాడు.

కార్తీకంలో కొండమీది పాతకోట చూడ్డానికి పోయారు. ఇరవయ్యారు మంది పిల్లలు. సార్‌కు కంటి ఆపరేషన్ అయింది, ఆయన రాలేదు. పిల్లల్ని సదానందానికి అప్పజెప్పాడు.

దిగేటప్పుడు వాన పట్టుకుంది. డ్రైవర్ హారన్ కొడుతుంటే, తడిసిన పిల్లలు సీట్లు మారుతూ ఒకరిమీద ఒకరు పడుతుంటే, సదానందం బస్సులో నిలబడి మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ ఇరవయ్యారే. నోటుబుక్కులో టైము వేసి రాసుకున్నాడు కూడా.

ఊళ్ళో దిగింది ఇరవై అయిదు మంది. మనుశ్రీ వెనక సీట్లో పడుకుందనుకున్నామన్నారు పిల్లలు. స్వరూప గొడుగు పట్టుకుని, ఖాళీ బస్సు మెట్లకేసి చూస్తూ అట్లాగే నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం కోట వెనక బండల సందులో దొరికింది మనుశ్రీ. కాలు ఇరుక్కుపోయి ఉంది. తెల్లవారేదాకా ప్రాణం ఉండి ఉంటుందన్నారు డాక్టర్లు.

పెద్దకర్మ దాకా ఓదేలు సార్ రోజూ వెళ్ళి స్వరూప వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.  సదానందం షాపు షట్టర్ సగం దించుకుని లోపలే ఉన్నాడు. పెద్దకర్మ అయిన మర్నాడు స్వరూపే వచ్చింది.

"లెక్కవెట్టినవా అన్నా?"

"వెట్టిన చెల్లె. మూడుసార్లు."

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

అబద్ధమాడి నిద్రపట్టని రోజులు షాపువాడికి మామూలే. నిజం చెప్పి నిద్రపట్టకపోవడం సదానందానికి ఇదే మొదలు. ఎదురిల్లు కాబట్టి మిషన్ చప్పుడు వినిపించాలి. వినిపించడం లేదు. సార్ ఆ ఒక్క మాట అంటే, ఆ మాట పట్టుకుని ఎదురింటి గడప ఎక్కగలనని అనుకున్నాడు.

నోటుబుక్కు తీసుకుని సార్ ఇంటికి పోయాడు. మూడు లెక్కలూ, మూడు టైములూ చూపించాడు. బస్సు ఎక్కడ నిలబడిందో, తను ఎక్కడ నిలబడ్డాడో అరగంట చెప్పాడు. సార్ నల్లకళ్ళద్దాలు తీసి, నోటుబుక్కు కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు. మూసి తిరిగి ఇచ్చాడు. ఆదివారం గ్రౌండుకు రమ్మన్నాడు, బిడ్డను తీసుకుని.

ఆదివారం వచ్చిన పిల్లలు తొమ్మిదిమందే. మిగతావాళ్ళను ఇంట్లోవాళ్ళు మాన్పించారు. పిల్లలు సదానందం వైపు చూడకుండా తాళ్ళు చుట్టుకుంటున్నారు. సార్ అతని చేతికి బిందె ఇచ్చి, బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకురమ్మన్నాడు.

బిందె భుజాన పెట్టుకుని వచ్చేసరికి పిల్లలు సామాన్ల గది ముందు గుంపుగా నిలబడి ఉన్నారు.

"లెక్కవెట్టు," అన్నాడు సార్.

సదానందం బిందె దించనైనా లేదు. "వర్షిత ఏది?"

పిల్లలు సార్ వైపు చూశారు.

"వర్షిత ఏది సార్?" బిందె ఒరిగి నీళ్ళు మెడమీదుగా కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

సామాన్ల గది తలుపు తెరుచుకుంది. వర్షిత బయటికి వచ్చి, తండ్రి మొహం చూసి, లోపల ఉండమన్నది సారేనని వేలితో చూపించింది.

సదానందం ఊపిరి వదిలాడు.

ఆ ఊపిరి పూర్తయ్యేదాకా సార్ ఆగాడు. "ఎంతమంది ఉన్నరు?"

"తెల్వది సార్. ఇంకా లెక్కవెట్టలే."

"మరి ఒకరు లేరని ఎట్ల తెలిసింది?"

సదానందం జవాబు చెప్పబోయాడు. బస్సు కళ్ళముందుకు వచ్చింది. వాన. హారన్. మూడో కిటికీ దగ్గర తల తుడుచుకుంటున్న వర్షిత. అప్పుడు కూడా ఇట్లాగే వదిలిన ఊపిరి. ఆ తర్వాతే లెక్కపెట్టడానికి పైకి లేచిన వేలు.

బిందె కింద పెట్టి, దాని పక్కనే మట్టిలో కూర్చున్నాడు.  తల ఎత్తాడు.

"స్వరూపకు ఏం చెప్పాలె సార్?"

"ఆమె మళ్ళ అడగది," అన్నాడు ఓదేలు సార్.

సదానందం లేచి, స్వరూప ఇంటికని గేటు వైపు నడిచాడు. వర్షిత వెనకాలే పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"నువ్వు వీళ్ళతోని ఉండు బిడ్డా."