సాగిపోయిన టేపు

బొబ్బిలిలో వరహాలు అనే కుట్టుపని ఆవిడ ఉండేది. ఎవరి పనిలోనైనా తప్పు ఇట్టే పట్టేది గానీ, తన చేతిలో ఉన్నదాంట్లో తప్పుంటుందని ఎన్నడూ అనుకునేది కాదు.

ఇంటి వసారాలోనే మిషను వేసుకుని, చుట్టుపక్కల వీధుల ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. పనిముట్ల విషయంలో ఆమెకు పట్టింపు ఎక్కువ. కత్తెర మొద్దుబారితే సాన పట్టించి సరిపెట్టుకోలేదు. విజయనగరం వెళ్లి, నాలుగైదు చేతిలో ఆడించి చూసి, బరువైనది ఏరి తెచ్చుకుంది. కాలితో తొక్కే మిషనుకు మోటారు పెట్టించింది. కొన్నాళ్లకు ఆ మిషను కూడా మార్చేసి కొత్తది కొంది. సూదికి కాస్త తుప్పు కనబడితే చాలు, పారేసేది. ఒక్క టేపు మాత్రం మార్చలేదు. అది పని నేర్చుకునే రోజుల్లో కొన్న గుడ్డ టేపు. అంకెలు కొన్ని చెరిగిపోయినా ఆమెకు కంఠతా వచ్చు. కొత్తది కొనుక్కోమని ఎవరైనా అంటే, టేపులో పాడైపోయేదేముందని నవ్వేది.

కానీ అది పాడైపోయింది. ఏళ్ల తరబడి లాగి లాగి కొలవడంతో గుడ్డ సాగిపోయింది. అది ముప్పై ఆరు అని చూపించే చోట నిజానికి ముప్పై ఏడు అంగుళాలు ఉండేవి. అయినా ఆ తేడా ఎవరికీ తెలియలేదు. మనిషిని కొలిచేదీ ఆ టేపుతోనే, గుడ్డ కత్తిరించేదీ ఆ టేపుతోనే. రెండు చోట్లా ఒకే తప్పు కాబట్టి జాకెట్టు ఒంటికి చక్కగా సరిపోయేది.

పని పెరిగాక వరహాలు తన తోడికోడలు నీలవేణిని సాయానికి రమ్మంది. నీలవేణి భర్త లారీ నడిపేవాడు, నెలలో ఎక్కువ రోజులు ఇంట ఉండేవాడు కాదు. వాళ్లకు ఒక చిన్న కూతురు. నీలవేణిది మంచి చెయ్యి, కత్తిరింపు బాగా వచ్చు. అప్పటినుంచి వరహాలు వసారాలో ఆడవాళ్లను కొలిచి అంకెలు చెప్పేది, నీలవేణి లోపలి గదిలో గుడ్డ కత్తిరించేది. వరహాలు టేపు ఆమె మెడలోనే ఉండేది కాబట్టి, కొత్త మిషనుతో పాటు వచ్చిన టేపును నీలవేణి వాడుకునేది.

అంతే, జాకెట్లు బిగుతుగా రావడం మొదలైంది. మొదట వచ్చినావిడను, ఒళ్లు చేసిందని వేళాకోళమాడి పంపేశారు. తర్వాత మరొకరు, ఆ తర్వాత ఇంకొకరు వచ్చారు. నీలవేణి రెండు రోజులు ఆలోచించి తన టేపు పట్టుకుని వసారాలోకి వచ్చింది.

"అక్కా, మన టేపులు రెండూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూద్దామా?" అంది.

వరహాలుకు కోపం వచ్చింది. "నీకు సూదిలో దారం ఎక్కించడం రాని రోజుల నుంచీ నేను ఈ టేపుతో కుడుతున్నాను. తప్పు టేపుది కాదు, నీ చేతిది" అంది.

నీలవేణి తన టేపు చుట్టుకుని లోపలికి వెళ్లి, మళ్లీ కత్తెర పట్టుకుంది.

ఆ నెలలోనే ఒక పెళ్లికూతురి పట్టు జాకెట్టు కుట్టారు. ముహూర్తం పూట దాని హుక్కులు పడలేదు. కుట్లు విప్పి వదులు చేస్తే, పట్టు మీద సూది గుర్తులు వరసగా కనబడ్డాయి. పెళ్లికూతురు ఎవరిదో జాకెట్టు తొడుక్కుని పీటల మీద కూర్చుంది. మర్నాడు ఆమె తల్లి వచ్చి వసారాలో నిలబడి, జాకెట్టు ఎందుకలా బిగుతైందని అడిగింది. అప్పటికి అక్కడ మరో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు.

వాళ్ల ముందు తలవంపులు కాకూడదని వరహాలు ఇలా అంది. "నేను కొలత సరిగ్గానే ఇచ్చానమ్మా. ముక్క మిగుల్చుకుందామని మా నీలవేణి చిన్నగా కత్తిరించినట్టుంది."

నీలవేణి కూతురు అక్కడే ఆడుకుంటోంది. దాని గౌనుకు అంచంతా పట్టుముక్కలు కుట్టి ఉన్నాయి. అందరూ ఆ గౌను వైపు చూశారు. ఆ ముక్కలు వరహాలే పిలిచి ఇచ్చింది, పిల్లకు బాగుంటాయని. ఆ మాట ఇప్పుడు చెప్పాలి. ఆమె చెప్పలేదు.

నీలవేణి పిల్లను లోపలికి తీసుకెళ్లింది. కాసేపటికి ఆ గౌను మడతపెట్టి తెచ్చి మిషను మీద పెట్టి వెళ్లింది. దొంగ అన్న మాట సాయంత్రానికి నాలుగు వీధులూ తిరిగింది. ఊళ్లో ఆమెకు గుడ్డ ఇచ్చేవాళ్లు లేకపోయారు. కొద్దిరోజుల్లోనే కూతుర్ని తీసుకుని పలాసలోని పుట్టింటికి వెళ్లిపోయింది. భర్త కూడా అక్కడికే చేరాడు.

తర్వాత వరహాలు ఎప్పటిలా తానే కొలిచి తానే కత్తిరించింది. జాకెట్లు మళ్లీ సరిగ్గా వచ్చాయి. తన మాటే నిజమైందని ఆమె అందరితో అంది. అందరూ నమ్మారు.

మరుసటి ఏడాది ఆ టేపు మధ్యకు చిరిగిపోయింది. వరహాలు కొత్తది కొంది. పాత ఖాతాదారుల కొలతలు ఆమెకు నోటికి వచ్చు గనక, ఎవరినీ మళ్లీ కొలవకుండా కొత్త టేపుతో కత్తిరించింది. ఒక జాకెట్టు బిగుతైంది. మర్నాడు ఇంకొకటి. ఈసారి నింద వేయడానికి పనిలో తోడు ఎవరూ లేరు. చిరిగిన టేపు ముక్కలను కొత్తదాని పక్కన పరిచి చూసింది. పాతదాని ముప్పై ఆరు కొత్తదాని ముప్పై ఏడు దగ్గర ఉంది.

ఆమె పలాస వెళ్లింది. నీలవేణి జీడిపిక్కలు ఒలిచే పనిలో ఉంది. పిక్కల రసం తగిలి వేళ్లు నల్లబడి, చర్మం లేచిపోయింది. వరహాలు జరిగింది చెప్పి, తప్పు తనదేనని ఒప్పుకుని, తిరిగి వచ్చేయమని బతిమాలింది.

నీలవేణి ఆమెకు మంచినీళ్లు ఇచ్చి, నెమ్మదిగా అంది. "టేపు సంగతి నాకు ఆ రోజే అనుమానం అక్కా. తెలియక అన్నావని సరిపెట్టుకునేదాన్ని. కానీ ఆ ముక్కలు ఇచ్చింది నువ్వే. అది తెలిసి కూడా ఊరుకున్నావు."

నీలవేణి తన చేతులు చూపించి, వీటితో ఇక పట్టు ముట్టుకోలేనని చెప్పింది. మళ్లీ పనికి వెళ్లిపోయింది.

బొబ్బిలి వచ్చాక వరహాలు ఇల్లిల్లూ తిరిగి నిజం చెప్పింది. పెళ్లికూతురి తల్లి విని, అయిపోయినదానికి ఇప్పుడేమిటని, కుట్టడానికి ఇచ్చిన తన జాకెట్టు ఎప్పుడిస్తావని అడిగింది. మిగిలినవాళ్లూ అలాగే విని ఊరుకున్నారు. నిందను నాలుగు వీధులకు మోసినవాళ్లలో ఒక్కరూ నిజాన్ని పక్కింటి దాకా కూడా మోయలేదు.

మనిషి మీద నింద వేసే ముందే మన కొలత సరిచూసుకోవాలి. వేసిన తర్వాత సరిచూసుకుంటే తప్పు తెలుస్తుంది గానీ, పోయిన మనిషి తిరిగి రాదు.