పితికిపప్పు పంక్తి

చెంగల్రాయ అయ్యవారిని ఎవరైనా ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడం తక్కువ. అడిగినవాళ్ల చేతికి ఒక సంచి ఇచ్చి, "పద, సంతకు పోయొద్దాం" అనేవారు. మోక్షం మాటేమిటని అడిగిన ఒక పెద్దమనిషి ఆ సాయంత్రం మెడ విరిగేంత గుమ్మడికాయ మోసుకుంటూ ఇల్లు చేరాడు. కోపం తగ్గే ఉపాయం చెప్పమన్న ఇంకొకాయన ఎండలో గొంతుక్కూర్చుని కాకరకాయలు ఏరవలసి వచ్చింది. వాళ్లకు జవాబు దొరికిందో లేదో నాకు తెలియదు గాని, ఇద్దరూ మళ్లీ వచ్చారు. పలమనేరు వైపు ఒక పల్లెలో బడిపంతులుగా చేసి, ఆ పని మానిన తర్వాత శనివారాలు తన ఇంటి అరుగు మీద తత్వాలు చెప్పే ఆ ముసలాయనకు శిష్యులు పదిమందికి మించరు. వాళ్లలో దేవసేన ఒకతె.

దేవసేన పిండిమర వాళ్ల పెద్దకోడలు. వంటలో ఆమెను మించినవాళ్లు ఆ ఊళ్లో లేరని ఆమె అత్త కుప్పమ్మే ఒప్పుకునేది, అత్త ఒప్పుకున్నాక ఇక వేరే సాక్ష్యం ఎందుకు? ఏ కాలానికి ఏది సంతలో దిగుతుందో అది ఆ వారమే వాళ్లింట్లో ఉడికేది. చింతచిగురు వచ్చిందంటే పప్పు, మామిడి పిందె పడిందంటే ఊరగాయ, అలసందలు కనపడితే వడలు. తెల్లవారకముందే లేచి అన్నీ వండి, మూతలు పెట్టి వరసగా సర్ది, వచ్చినవాళ్లకు వచ్చినట్టు వడ్డించేది. మర నడిపే మొగుడు లోకనాథం ఒక వేళకు తినేవాడు, పాలవ్యాను తోలే మరిది ధనంజయ ఒక వేళకు తినేవాడు, మరిది పెళ్లాం హంసవేణి తన గదిలోకి తీసుకుపోయి తినేది. అందరిదీ అయ్యాక గిన్నెల అడుగున మిగిలింది దేవసేన తినేది. అలా పదకొండేళ్లు జరిగిపోయాయి.

మార్గశిరమాసంలో ఒక శనివారం, మిగతా శిష్యులు లేచిపోయాక కూడా ఆమె కదలలేదు.

"ఏం తల్లీ?" అన్నారు అయ్యవారు.

"సోమవారం మా ఇంట్లో రెండో పొయ్యి వెలిగిస్తాండారయ్యా" అంది. ముక్కు చీదుకుని మళ్లీ మొదలుపెట్టింది. హంసవేణి కొత్త గ్యాసుపొయ్యి కొని వెనకగదిలో పెట్టిందట. సోమవారం మంచిరోజట. మరిది నేల చూపులు చూస్తున్నాడట. అత్త రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడడం లేదట. "ఈపొద్దు పొయ్యి వేరయితే రేపు గుమ్మం వేరవుతుంది. ఇంత చేసి చేసి నా ఇల్లు రెండు ముక్కలవుతాంటే చూస్తా ఉండాల్నా? మీరే చెప్పండయ్యా, నేను ఏం వండితే వాళ్లు ఆగుతారు? ఎంత కష్టమైనా సరే, వండి పెడతా."

అయ్యవారు లేచారు. మేకుకు తగిలించిన సంచి తీసి ఆమె చేతికిచ్చారు.

సంతంతా చిక్కుడు జాతి అనపకాయల వాసన. చలికాలం నెత్తికెక్కినప్పుడు మా వైపు సంతల్లో ఇంకో కూరగాయ ముఖం ఎవరూ చూడరు. గోతాల మీద కుప్పలు కుప్పలుగా పోసి అమ్ముతారు. నాలుగు కాయలు వలిస్తే చేతికి జిడ్డంటుకుంటుంది, ఆ వాసన సబ్బుతో కడిగినా పోదు, పోవాలని ఎవరూ కోరుకోరు కూడా. దేవసేన చేయి పెట్టగానే ముదురు కాయ పక్కకు పోయి, గింజ నిండిన కాయ అరచేతిలోకి వచ్చేది. పక్కన అయ్యవారు మాత్రం ఏరకుండా దొరికిందల్లా సంచిలో వేస్తున్నారు.

"ఇన్నెందుకయ్యా? మీ ఇంట్లో ఉండేది ఇద్దరే కదా" అంది అమ్మే ఆమె, ఇంకో దోసెడు కొసరు వేస్తూ.

"రేపు నాకు పిండిమర వాళ్లింట్లో భోజనం" అన్నారు అయ్యవారు. "పితికిపప్పు, రాగిసంగటి."

దేవసేన ముఖం వెలిగింది. జవాబు ఇదేనన్నమాట, పితికిపప్పు! "అయితే సంచి నాకియ్యండి. ఇప్పుడే పోయి వలిచి నానేస్తా" అంది.

"కాయలు మా ఇంటికి వస్తాయి. మా ఆవిడ వలిచి నానబెడుతుంది. నువ్వు చేతులూపుకుంటా ఇంటికి పో" అని ఆయన సంచి లాక్కున్నారు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి అయ్యవారు సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. వెనక కట్టిన ఇత్తడి గుండిగ నిండా నాని ఉబ్బిన గింజలు. నానిన గింజను బొటనవేలితో వత్తితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు బయటికి దూకుతుంది. ఆ దూకిన పప్పే పితికిపప్పు. ఇంటికి సరిపడా పితకాలంటే ఒకరికి పూటంతా పడుతుంది.

"గుండిగ ఇట్లియ్యండయ్యా, మీరు మంచం మీద కూర్చోండి" అంది దేవసేన, కొంగు బిగిస్తూ. "గంటలో పితికేస్తా."

"ఒక్కదానివే?"

"అలవాటే కదయ్యా. ఎప్పుడూ వీళ్లు నిద్ర లేచేలోపల పితికేసి తాళింపు కూడా పెట్టేస్తా. ఎప్పుడు చేసినానో ఎవరికీ తెలియను కూడా తెలియదు."

"ఆహా" అన్నారు అయ్యవారు. గుండిగ తెచ్చి నడింట్లో దించారు. మూలనున్న స్టూలు లాగి గోడవారగా వేశారు. "ఇది నీ చోటు. తినేదానికి పిలిచేదాకా నీ చెయ్యి తడవగూడదు. ఇది గురువు మాట."

వేళాకోళమేమో అనుకుని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె కూర్చుంది. సొంత ఇంట్లో ఆ వేళప్పుడు కూర్చోవడం ఎలాగో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. అయ్యవారు నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక్కొక్క గింజా వత్తసాగారు. ఆయన పితకడం చూస్తే పాపం అనిపిస్తుంది. పప్పు సగం తోలులోనే ఉండిపోయేది.

పెరట్లోంచి వచ్చిన కుప్పమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, ఇదేం చోద్యం! అయ్యవారు పప్పు పితకడమేంది, నా కోడలు స్టూలెక్కి చూస్తా కూర్చోడమేంది! లెయ్ మే!"

"లేవదు కుప్పమ్మా, నేనే కూర్చోబెట్టినా. చేసేవాళ్లు లేక నేను చేస్తాండా."

ఆ మాటకు కుప్పమ్మ ఇంకేం చేస్తుంది? చతికిలబడి గుప్పెడు గింజలు అందుకుంది, రెండు రోజుల మౌనం మరిచిపోయి ఆయన పితికిన పప్పుకు వంకలు పెట్టడం మొదలుపెట్టింది. మర మూసి కనుబొమల నిండా పిండితో వచ్చిన లోకనాథం గుమ్మంలోనే నిలబడిపోయాడు. పెద్దాయన కింద కూర్చుని పని చేస్తుంటే తాను కాళ్లు బారజాపి పడుకోవడం బాగుండదని వచ్చి కూర్చున్నాడు. పాలవ్యాను ఆపి వచ్చిన ధనంజయకూ అదే గతి పట్టింది. అతను వత్తిన మొదటి గింజే ఎగిరి తల్లి చెంపకు తగిలింది.

"ఒరే, నీకు వయసొచ్చినా బుద్ధి రాలేదురా!"

"నేనేం చేసేది మా, అదే ఎగిరింది!" అని అతను రెండోది వత్తాడు. అది అన్న నుదుటికి తగిలింది. లోకనాథం ఊరుకుంటాడా? ఇద్దరూ మీసాలొచ్చిన మగవాళ్లు, ఇంటికి పెద్దవాళ్లు, గింజలతో గురి చూసుకున్నారు. కుప్పమ్మ తిడుతూ తిడుతూ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ సందడికి హంసవేణి గది గుమ్మంలోకి వచ్చింది. "చేతులు ఖాళీగా ఉండాయి కదా, రా మే" అంది కుప్పమ్మ. ఆ పిల్ల అత్త వైపు చూడలేదు, దేవసేన వైపు చూసింది. ఆరేళ్ల కింద హంసవేణి కొత్తకోడలిగా వంటింట్లోకి వచ్చినప్పుడు దేవసేన ఎంతో ప్రేమగా, "నువ్వు కూర్చో పిల్లా, నేను చేస్తా" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అదే మాట. ఇప్పుడూ ఆ మాట దేవసేన నోటిదాకా వచ్చింది. అయ్యవారు తలెత్తి ఒక్క చూపు చూశారు. దేవసేన నోరు మూసుకుంది.

హంసవేణి కూర్చుంది. ఒక్కో చేత్తో ఒక్కో గింజ, రెండు చేతులూ ఒక్కసారే. చూస్తుండగానే ఆమె ముందు పప్పు కుప్ప పడింది. కుప్పమ్మ పని ఆపి నోరు తెరుచుకుని చూసింది. "ఓయమ్మో! యాడ నేర్చినావే ఇది?"

"మా ఇంట్లో ఐదుమంది ఆడపిల్లలం అత్తా. చలికాలమంతా ఇదే పని మాకు."

"ఆరేళ్లుగా ఒక్కనాడూ చెప్పలేదే!"

"అడిగితే కదా" అంది హంసవేణి నవ్వుతూనే. దేవసేనకు మాత్రం ఆ మాట సూటిగా వచ్చి గుచ్చుకుంది.

పప్పు వంటింట్లోకి పోయింది, హంసవేణి పోయింది, వెనకాలే సంగటి కెలకడానికి కుప్పమ్మ పోయింది. దేవసేన అవస్థ ఏమని చెప్పేది! లోపల మూత కింద పడితే ఇక్కడ ఈమె ఉలిక్కిపడేది. మిరప్పొడి డబ్బా తెరిచిన చప్పుడు, తర్వాత మళ్లీ అదే చప్పుడు. "పసుపేసినావా పిల్లా?" అని ఉండబట్టలేక కేకేసింది. "చేతులతో పాటు నోరు కూడా స్టూలు మీదే ఉండాల" అన్నారు అయ్యవారు. కొత్తిమీరను కాడలతో సహా రోట్లో వేసి నూరుతున్నారని చప్పుడును బట్టే తెలిసింది. జన్మలో ఆమె అలా చేసి ఎరగదు. కాసేపటికి తన వంటింట్లోంచి తనకు తెలియని వాసన ఒకటి వచ్చింది. ఒప్పుకోవడానికి మనసొప్పలేదు గాని, నోట్లో నీళ్లూరాయి.

హంసవేణి గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయల వల్లనో ఏమో.

"అక్కా, ఒక మాట చెప్పేదా? నీ వంట బాగలేక నేను పొయ్యి తెచ్చుకోలేదు. మా నాయన వచ్చినప్పుడు నా చేత్తో ఇంత వండి పెట్టాలనుకుంటి. అంతే. మనింట్లో ఉల్లిపాయల బుట్ట యాడుండాదో నాకు ఈపొద్దు తెలిసింది."

దేవసేనకు ఏడుపు తన్నుకొచ్చింది. "నీకు కష్టం తెలియకుండా చూసుకుంటాండానని అనుకుంటినే! తప్పు నాదే పిల్లా."

"తప్పేముందక్కా, లే. అన్నం వేళయింది. రా తిందువు."

అందరికీ ఒకే వరసలో కంచాలు పెట్టారు. దేవసేన లేచి అలవాటుగా గరిటె వైపు పోబోతే హంసవేణి భుజాలు పట్టుకుని తీసుకొచ్చి అత్తకూ మరిదికీ మధ్య కూర్చోబెట్టింది. పొగలు కక్కే సంగటిముద్ద కంచంలో పడింది. దాని నడుమ గుంట చేసి పితికిపప్పు పోసింది. దేవసేన ఒక ముద్ద తుంచి, అద్దుకుని, నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమెక్కువైందా అక్కా?"

"లేదే. కాలింది."

"ఊదుకుని తినొచ్చు కదా!"

"సంగటి ఇంత వేడిగా ఉంటుందని మరిచిపోయినా" అంది దేవసేన, అనేసి తనే నవ్వింది. లోకనాథం చేయి ముద్ద దగ్గరే ఆగిపోయింది. పదకొండేళ్లలో తన పెళ్లాం ముద్ద నోట్లో పెట్టుకోగా చూడలేదని అతనికి అప్పుడే తోచినట్టుంది. తన ముందున్న నెయ్యిగిన్నెను ఆమె కంచం దగ్గరికి జరిపాడు.

అక్కడినుంచి ఇక సంతోషమే. తోలు వదలని గింజ ఎవరి కంచంలో వచ్చినా, "ఇది అయ్యవారు పితికింది" అని పైకెత్తి చూపడమే. ధనంజయ మూడో ముద్ద అడిగాడు. కుప్పమ్మ వేళ్లు నాకుతూ, కాడలతో నూరితే ఇంత రుచి అని తనకు ఎవరూ చెప్పలేదేమని నిలదీసింది. దేవసేన కూడా మారు వడ్డించుకుంది. పప్పు తను చేసినట్టు లేదు, బాగుంది, రెండూ నిజమే. "అక్కా, రేపు సంగటి నేను కెలుకుతా, నువ్వు పిండి పొయ్" అంది హంసవేణి. "రేపు మంచిరోజన్నావే" అని కుప్పమ్మ మెల్లగా కదిపింది. "మంచిరోజే కదత్తా, అందుకే చెప్తాండా" అందా పిల్ల. ధనంజయ గట్టిగా ఊపిరి వదిలి నాలుగో ముద్ద అడిగాడు.

అయ్యవారు అందరికంటే ముందు లేచారు. పెరట్లో చేయి కడుక్కుంటుంటే దేవసేన పంక్తిలోంచి లేచి తువ్వాలు పట్టుకుని వెంటే వచ్చింది. ఆమె ముఖం ఆనందంతో వెలిగిపోతోంది. అయినా అడగవలసింది అడగకపోతే ఆమెకు తోచదు.

"అయ్యవారూ, నా ప్రశ్నకు మీరు జవాబు చెప్పనే లేదు. నేను ఏం వండితే..."

"అక్కా! మజ్జిగ పోసినా, యాడికి పోయినావు? రా!" అని లోపల్నించి హంసవేణి కేక.

అయ్యవారు తీరిగ్గా చేయి తుడుచుకుని తువ్వాలు ఆమె భుజాన వేశారు.

"నాతో మాట్లాడతా నిలబడుకుంటే ఎట్లమ్మా? లోపల పిలుస్తాండారు, పో."